ఊచలు కాదు, రోజులు

జైలు అన్న మాటని ఉన్నదున్నట్టుగా పలకడం మన తెలుగువాళ్ళకి ఎందుకో ఇష్టం ఉండదు. "శ్రీకృష్ణ జన్మస్థానం" అంటాం. "అత్తారిల్లు" అంటాం. అక్కడి భోజనానికి "చిప్పకూడు" అని పేరు పెట్టుకున్నాం. ఫలానావాడు ఏం చేస్తున్నాడయ్యా అంటే "ఊచలు లెక్కపెడుతున్నాడు" అంటాం. ఈ ఆఖరిమాట విన్నప్పుడల్లా నాకు లోలోపల నవ్వొస్తుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా జైల్లో నేను చూసిన వాళ్ళలో ఊచలు లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళు లెక్కపెట్టేవి రోజులు. ఆ మాటకొస్తే, అక్కడ కూర్చుని నేను లెక్కపెట్టినవీ అవే.

కంగారుపడకండి. నేను ఉన్నది జీతానికి లెండి, శిక్షకి కాదు. జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఒక సెంట్రల్ జైలు ఆఫీసులో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. తెలుగులో చెప్పాలంటే పరిపాలనాధికారి. పేరు పెద్దదే గాని, ఖాకీ బట్టలూ లాఠీ తాళంచెవుల గుత్తీ ఏవీ ఉండవు. చీర, చేతిసంచీ, కళ్ళజోడు, అంతే. సిబ్బంది జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, బియ్యం పప్పుల టెండర్లు, ఆడిట్‌వాళ్ళ అభ్యంతరాలకి జవాబులు, ఖైదీల విడుదల గురించి పైఆఫీసుకి వెళ్ళే ప్రతిపాదనలు, ఇవీ నా సంసారం. మా చంటివాణ్ణి బళ్ళో టీచరమ్మ "మీ అమ్మ ఏం చేస్తుందిరా?" అని అడిగితే, "జైల్లో ఉంటుందండి, సాయంత్రం వదిలేస్తారు" అన్నాడట. ఆ మాట వీధి వీధంతా తిరిగి మా అత్తగారి చెవిన పడేసరికి ఎలా మారి ఉంటుందో మీరే ఊహించుకోండి.

జైలు అనగానే అందరి కళ్ళ ముందూ కనిపించేది గోడ. నాకు మాత్రం కాగితం కనిపిస్తుంది. మనిషిని లోపల ఉంచేది గోడే, ఒప్పుకుంటాను. కాని అతన్ని లోపలికి తెచ్చేదీ, బయటికి పంపేదీ కాగితం. గోడ ఎంత గట్టిగా ఉందో తనిఖీ చేసేవాళ్ళు చాలామంది. కాగితం సరిగా ఉందో లేదో చూసేది ఒక గుమాస్తా. ఆ గుమాస్తా కుర్చీ అక్కడికి ఎలా వచ్చిందో, అది ఖాళీగా ఉన్నప్పుడు ఏం జరిగిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

మనకి బాగా తెలిసిన ఖైదీ కథతోనే మొదలుపెడదాం. భద్రాచలం రామదాసు కథ. కంచెర్ల గోపన్నగారు సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని తానీషా గోలకొండలో ఖైదు చేయించాడు. తానీషా అంటే 1672 నుంచి 1687 దాకా ఏలిన అబుల్ హసన్ కుతుబ్‌షా. పన్నెండేళ్ళు గడిచాక రాముడూ లక్ష్మణుడూ రామోజీ లక్ష్మోజీలన్న పేర్లతో వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషా ముందు కుప్పపోశారని మన పెద్దలు చెప్పుకున్న కథ. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది, హరికథల్లో చాలామంది గమనించరు. సొమ్ము కట్టి ఊరుకోలేదు వాళ్ళు. తానీషా దగ్గర రశీదు పుచ్చుకున్నారు. ఆ చెల్లుచీటీ తెచ్చి నిద్రపోతున్న గోపన్న దగ్గర పెట్టి మరీ వెళ్ళారు. చూశారా! సాక్షాత్తూ భగవంతుడికి కూడా జైలు తలుపు తీయించాలంటే కాగితం కావలసి వచ్చింది.

రాజుల కాలంలో ఖైదు అంటే శిక్షకన్నా నిరీక్షణే ఎక్కువ. రాజుగారికి కోపం పోయేదాకానో, బాకీ తీరేదాకానో ఉండటమే గాని, ఇన్నేళ్ళ ఇన్ని నెలలు అని గడువు ఉండటం అరుదు. కంపెనీవాళ్ళు వచ్చాక గడువైతే వచ్చింది గాని, జైళ్ళ తీరు మాత్రం అధ్వాన్నంగానే ఉంది. జిల్లా మేజిస్ట్రేటు చూసే పాతిక పనుల్లో జైలు ఒకటి. జైలరుకి జీతం తక్కువ, చేతివాటం ఎక్కువ. ఖైదీల్ని సంకెళ్ళతో రోడ్డు పనులకి తోలేవారు. తిండికి రోజుకింత అని డబ్బు చేతికిస్తే, ఎవరి పొయ్యి వాళ్ళు రాజేసుకుని వండుకునేవారు.

1835లో మెకాలే ఈ సంగతి ఎత్తాడు. మన చదువుల విషయంలో మెకాలేని తిట్టుకుంటూ ఉంటాం గదా, ఆయనే. జైళ్ళ గురించి విచారించడానికి మరుసటి ఏడు ఒక కమిటీ వేశారు. అది 1838లో నివేదిక ఇచ్చింది. మనిషిని బాగుచేయడం, చదువు చెప్పడం, మంచిగా ఉన్నవాడికి ఏదైనా మినహాయింపు ఇవ్వడం, వీటి మీద ఆ కమిటీకి బొత్తిగా నమ్మకం లేదు. జైలంటే భయపడాలి, అంతే. కాని రెండు మంచి సలహాలు ఇచ్చింది. పెద్ద శిక్షలు పడ్డవాళ్ళకి వేరుగా సెంట్రల్ జైళ్ళు కట్టమంది. రాష్ట్రానికి ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్‌ని పెట్టి అన్ని జైళ్ళ లెక్కా ఒకచోట చూడమంది. ఆ ప్రకారం 1846లో ఆగ్రాలో సెంట్రల్ జైలు లేచింది. ఆగ్రా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఆ కమిటీ చెప్పిన ఇంకో మాట, అందరికీ కలిపి ఒకే వంట. చెప్పినంత సులువుగా అమలు కాలేదు. ఎవరు వండారో, ఎవరి పక్కన కూర్చుని తినాలో అన్న గొడవతో ఉత్తరాది జైళ్ళు అట్టుడికిపోయాయి. అది చల్లారకముందే ఎవరికో ఇంకో ఆలోచన వచ్చింది. ఖైదీల దగ్గర ఇత్తడి లోటాలు ఉన్నాయి, వాటితో ఎవరి బుర్రయినా పగలగొట్టవచ్చు, కాబట్టి అవి లాగేసుకుని మట్టివి ఇవ్వండి అన్నారు. 1855లో బీహారులోని ఆరా, ముజఫర్‌పూర్ జైళ్ళలో ఇది అమలుచేయబోయారు. ఇత్తడి చెంబుకీ మట్టి పిడతకీ తేడా ఏమిటో దొరలకి తెలియకపోవచ్చు, మీకూ నాకూ తెలుసు. ఇత్తడిది చింతపండు పెట్టి తోమితే శుద్ధి అయిపోతుంది. మట్టిది ఒకసారి మైలపడితే ఇంక పారెయ్యవలసిందే. తన మడి తీసేసుకుంటున్నారని ఖైదీ తిరగబడ్డాడు. ముజఫర్‌పూర్లో ఊరివాళ్ళూ చుట్టుపక్కల పల్లెల రైతులూ గుంపులుగా వచ్చి ఖైదీలకి అండగా నిలబడ్డారు. చివరికి అధికారులు లోటాలు తిరిగి ఇచ్చేశారు. చెంబు దగ్గర ఓడిపోయిన సర్కారు అన్నమాట! ముజఫర్‌పూర్ పేరు కూడా గుర్తుంచుకోండి.

1864లో మరో కమిటీ కూర్చుంది. ఒక్కో ఖైదీకి 54 చదరపు అడుగుల చోటు ఉండాలంది. అంటే తొమ్మిదడుగులు బారు, ఆరడుగులు వెడల్పు. మన పాత ఇళ్ళలో సామాన్ల గది అంత. అదైనా కొలతంటూ ఒకటి వచ్చింది. గాలి, వెలుతురు, నీళ్ళు, వైద్యుడు, వీటన్నిటికీ అంకెలు వచ్చాయి. అంకె వచ్చిన చోటికి రిజిస్టరు వస్తుంది. రిజిస్టరు వచ్చిన చోటికి గుమాస్తా వస్తాడు. మా కులం అలా పుట్టింది.

ఇక 1894 నాటి ప్రిజన్స్ చట్టం. మా ఆఫీసులో దీన్ని దేవుడి పటం పక్కన పెట్టి పూజ చేయలేదన్న మాటే గాని, చేసినంత పనే. స్వాతంత్ర్యం వచ్చి ముప్పావు శతాబ్దం దాటినా ఆ చట్టం నీడలోనే మన జైళ్ళు నడిచాయి. దాంట్లో పన్నెండో సెక్షను చాలా చిన్నది. సూపరింటెండెంటు ఏ పుస్తకాలు ఉంచాలో చెబుతుంది. ఒకటి, లోపలికి వచ్చిన ఖైదీల రిజిస్టరు. రెండు, ఏ ఖైదీ ఏ రోజున విడుదల కావాలో రాసిన పుస్తకం. మూడు, వేసిన శిక్షల పుస్తకం. నాలుగు, జైలు చూడవచ్చిన పెద్దలు తమ అభిప్రాయం రాసే పుస్తకం. అయిదు, ఖైదీ దగ్గర తీసుకున్న డబ్బూ వస్తువుల చిట్టా. 

ఈ అయిదు పుస్తకాలూ సరిగా ఉంటే జైలు సరిగా ఉన్నట్టే అని నా నమ్మకం. మొదటిది లేకపోతే మనిషి లోపల ఉన్నాడన్న సంగతే ఎవరికీ తెలియదు. మూడోది లేకపోతే ఎవర్ని ఎవరు కొట్టారో తెలియదు. నాలుగోది లేకపోతే బయటి కన్ను పడదు. అయిదోది లేకపోతే పెళ్ళినాటి ఉంగరం తిరిగి రాదు. రెండోది మాత్రం వీటన్నిటికన్నా పెద్దది. అది మనిషి ఇంటికి వెళ్ళే దారి.

ఆడవాళ్ళ విషయంలో ఆ చట్టం కొంత నయమనిపించింది. ఆడఖైదీని తనిఖీ చేయడం మేట్రనే చేయాలంది. మగవాళ్ళకి కనబడకుండా, మాట్లాడటానికి వీల్లేకుండా వేరే చోట ఉంచమంది. కొరడా దెబ్బలూ సంకెళ్ళూ శిక్షగా ఆడవాళ్ళకి వెయ్యకూడదంది. మగవాళ్ళకి మాత్రం ముప్ఫై దెబ్బల దాకా వెయ్యచ్చని అదే చట్టంలో ఉంది. ఆ మాటా చెప్పుకోవాలి.

అదే చట్టంలో "రెమిషన్ పద్ధతి" అన్న మాటకి అర్థం చెబుతూ, ఖైదీలకి మార్కులు వేయడం, దాని ప్రకారం శిక్ష తగ్గించడం అని రాశారు. మార్కులా అని మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆశ్చర్యపోయాను. ఈ మార్కుల వెనుక ఒక మహానుభావుడు ఉన్నాడు. అలెగ్జాండర్ మెకనోకీ అని స్కాట్లండు దేశస్థుడు, నౌకాదళంలో పనిచేసినవాడు. పసిఫిక్ మహాసముద్రంలో నార్‌ఫోక్ ద్వీపం అని ఉంది. బ్రిటిషువాళ్ళు దాన్ని ఇంక ఎక్కడా లొంగని ఖైదీలని పారేసే చోటుగా వాడుకున్నారు. 1840లో ఆయన్ని అక్కడికి అధికారిగా పంపారు. ఆయన అన్నది ఇదీ. మనిషికి కాలాన్ని శిక్షగా వెయ్యకండి, పనిని శిక్షగా వెయ్యండి. కష్టపడి, మర్యాదగా మెలిగి మార్కులు సంపాదించుకుంటే అంత త్వరగా బయటపడనివ్వండి. తాళంచెవి అతని చేతికే ఇవ్వండి. పైవాళ్ళకి ఇది మరీ మెతకతనంగా కనిపించి 1844లో ఆయన్ని వెనక్కి పిలిపించేశారు. మనిషిని పిలిపించారు గాని మాటని పిలిపించలేకపోయారు. అది ఐర్లండు వెళ్ళింది, అక్కణ్ణించి లోకమంతా తిరిగింది, చివరికి మన జైళ్ళలో ఖైదీ హిస్టరీ టికెట్టు మీద రెమిషన్ రోజులై కూర్చుంది. 1838 కమిటీ ఏ మినహాయింపు కూడదందో, సరిగ్గా అదే 1894 నాటికి చట్టంలో నిర్వచనమై పోయింది.

విడుదల తేదీ కట్టడం ఎలాగంటే, మనింట్లో పాలవాడి లెక్క లాంటిదే. గోడమీది కేలండరులో వాడు రాని రోజుకి సున్నా చుట్టుకుంటాం గదా. నెలాఖరున మొత్తం రోజుల్లోంచి ఆ సున్నాలు తీసేస్తాం. ఇక్కడా అంతే. శిక్ష ఎంత పడింది, ఏ తేదీన పడింది? అందులోంచి రిమాండులో గడిపిన రోజులు తీసెయ్యి. మంచి నడతకీ పనికీ వచ్చిన రెమిషన్ రోజులు తీసెయ్యి. తప్పు చేస్తే కోతపడ్డవి మళ్ళీ కలుపు. జరిమానా కట్టలేకపోతే దాని బదులు ఉండాల్సిన రోజులు చేర్చు. చివరికి ఒక తేదీ వస్తుంది. తేడా ఒక్కటే. పాలలెక్క తప్పితే పది రూపాయలు పోతాయి. ఈ లెక్క తప్పితే మనిషి బతుకులోంచి రోజులు పోతాయి. అవి వచ్చే నెల బిల్లులో సర్దడానికి ఉండదు.

మన దేశపు జైళ్ళ గురించి "ఇక్కడికి వచ్చినవాడు బాగుపడి తిరిగి వెళ్ళాలి" అన్న మాటని గట్టిగా అన్నది 1919-20 నాటి కమిటీ. దానికి అధ్యక్షుడు సర్ అలెగ్జాండర్ కార్డ్యూ. ఆ కమిటీ అండమాన్ దాకా వెళ్ళి చూసి, ఖైదీల్ని అక్కడికి పంపడం మానేయమంది. ఆ మాట పూర్తిగా అమలు కావడానికి చాలా ఏళ్ళు పట్టిందనుకోండి. సరిగ్గా ఆ రోజుల్లోనే జైళ్ళలోకి కొత్తరకం ఖైదీలు వచ్చారు. చదువుకున్నవాళ్ళు, లాయర్లు, కవులు, గృహిణులు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు జైల్లో కూర్చునే "మాలపల్లి" రాశారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిగారు ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకి వెళ్ళి, అక్కడ ఆడఖైదీల కథలు విన్నారు. తమ మీద కేసేమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియకుండానే శిక్ష పడిపోయిన ఆడవాళ్ళు. తను లా చదవాలన్న పట్టుదల అక్కడ కలిగిందని ఆవిడ చెప్పుకున్నారు. 1942లో మద్రాసులో ఆ చదువు పూర్తిచేశారు. రాజ్యాంగసభలో సభ్యురాలయ్యారు. జైలు గోడ లోపలనుంచి కాగితం విలువ తెలుసుకున్న మనిషి, దేశానికి కావలసిన అన్నిటికన్నా పెద్ద కాగితం రాసే చోటికి చేరారన్నమాట.

ఆ రాజ్యాంగంలో జైళ్ళు రాష్ట్రాల జాబితాలో పడ్డాయి. 1951లో ఐక్యరాజ్యసమితి తరఫున రెక్లెస్ అనే నిపుణుడు వచ్చి మన జైళ్ళు చూశాడు. పేరు అదే గాని మనిషి చాలా జాగ్రత్త కలవాడు. జైళ్ళని సంస్కరణ కేంద్రాలుగా మార్చమని సలహా ఇచ్చాడు. 1957లో జైలు మాన్యువల్ కమిటీ వేశారు, 1960లో మాదిరి మాన్యువల్ వచ్చింది. క్రమంగా మా బోర్డుల మీద "సంస్కరణ" అన్న మాట చేరింది. బోర్డు మారినంత తేలిగ్గా బీరువా మారదు లెండి. లోపల అవే అయిదు పుస్తకాలు.

శిక్ష పడకముందు రిమాండులో గడిపిన రోజులు శిక్షలో జమకట్టాలన్న నియమం 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడుతో వచ్చింది. అంతకుముందు అది హక్కు కాదు. ఈ ఒక్క సెక్షనుతో మా లెక్కలో ఒక కొత్త గడి చేరింది. ఒకసారి నా బల్లమీదకి ఒక ఖైదీ ప్రతిపాదన వచ్చింది. అంతా సరిగానే ఉంది, సంతకం పెట్టడమే తరువాయి. మా సెక్షనులో కొత్తగా చేరిన కుర్రాడు తల గోక్కుంటూ వచ్చి, "మేడమ్, అరెస్టు తేదీకీ ఈ మొదటి వారంటు తేదీకీ మధ్య ఈయన ఎక్కడున్నట్టండీ?" అన్నాడు. నిజమే, ఎక్కడున్నట్టు? ఆరా తీస్తే మొదట్లో ఇంకో ఊరి సబ్‌జైల్లో ఉన్నాడు, అక్కడి కాగితం ఇక్కడికి చేరలేదు. ఉత్తరం రాశాం, ఫోను చేశాం, చివరికి ఒక మనిషిని పంపి తెప్పించాం. 46 రోజులు. ఆ మనిషి 46 రోజులు ముందుగా ఇంటికి వెళ్ళాడు. ఆ కుర్రాడికి ఎవరూ దండ వెయ్యలేదు. ఆ ఖైదీకి ఇతని పేరైనా తెలియదు.

ఇలా అడిగేవాడు లేని చోట ఏమైందో దేశమంతా 1979లో చూసింది. బీహారు జైళ్ళలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి పత్రికలో వచ్చింది చదివి, కపిలా హింగోరాణీ అనే లాయరమ్మ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసు హుస్సేనారా ఖాతూన్ అనే ఖైదీ స్త్రీ పేరుతో నిలిచిపోయింది. నేరం రుజువైనా పడే శిక్షకన్నా ఎక్కువ కాలం, కేసు విచారణకే రాకుండా లోపల ఉన్నవాళ్ళు తేలారు. ఇంకా ఘోరం, ఏ నేరమూ మోపని ఆడవాళ్ళని, బాధితులుగానో సాక్షులుగానో "రక్షణ" పేరుతో జైల్లో పెట్టి ఉంచారు. అన్యాయం జరిగినదీ ఆవిడకే, జైలూ ఆవిడకే! జస్టిస్ భగవతి ధర్మాసనం త్వరగా విచారణ జరగడం మనిషి ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ వ్యాజ్యం కారణంగా వేలమంది బయటికి వచ్చారు.

ఇప్పుడు ముజఫర్‌పూర్ దగ్గరికి వద్దాం. రుదుల్ సాహ్ అనే అతన్ని అక్కడి సెషన్స్ కోర్టు 1968 జూన్ 3న నిర్దోషి అని వదిలేసింది. అతను జైలు గేటు దాటింది 1982 అక్టోబరు 16న. లెక్కపెట్టుకోండి. పద్నాలుగేళ్ళు దాటింది. రాముడు అరణ్యవాసం చేసినంత కాలం, నిర్దోషి అని తీర్పు వచ్చాక! ఎందుకు ఉంచారయ్యా అంటే, మతి స్థిమితం లేదన్నారు. దానికి తగిన ఆధారం చూపించలేకపోయారు. 1983 ఆగస్టులో సుప్రీంకోర్టు అంతకుముందు ఇచ్చిన 5,000 కాక మరో 30,000 రూపాయలు అతనికి ఇప్పించింది. ప్రాథమిక హక్కుకి భంగం కలిగితే సర్కారు డబ్బు కట్టాలన్న మాట మన న్యాయచరిత్రలో అలా మొదలైంది. 1855లో ఒక చెంబు కోసం ఊరంతా కదిలింది ఆ ఊళ్ళోనే. 1968లో ఒక మనిషి కోసం ఒక్క గుమాస్తా కదలలేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు.

ములాఖత్ రోజున మా ఆఫీసు వరండా జాతరలా ఉండేది. ఎక్కణ్ణించో బస్సులు మారి వచ్చిన తల్లులూ, చంకన పిల్లలతో భార్యలూ. నేను కాఫీకి బయటికి వస్తే చాలు, ఎవరో ఒకరు పలకరించేవారు. ఏ సెక్షను కింద శిక్ష పడిందని అడిగినవాళ్ళు లేరు, అప్పీలు ఏమైందని అడిగినవాళ్ళు తక్కువ. అందరిదీ ఒకటే ప్రశ్న. "అమ్మగోరూ, మావోడు ఎప్పుడొస్తాడు?" తేదీ చెబితే కొంగు ముడిలోంచి ఒక చీటీ తీసి, పక్కవాళ్ళ చేత రాయించుకుని, మళ్ళీ ముడేసుకునేవారు. పన్నెండో సెక్షనులోని రెండో పుస్తకం వాళ్ళ కొంగున ఉన్నట్టే.

తల్లులతో పాటు లోపల పెరిగే చంటిపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో మన ఆంధ్రప్రదేశ్ పేరే ప్రతివాదిగా ఉంది. ఆరేళ్ళు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చనీ, తిండీ వైద్యం చదువూ ఎలా చూడాలో చెప్పింది. అందులో ఒక వాక్యం నాకు ప్రాణం లేచివచ్చినట్టనిపించింది. జైల్లో బిడ్డ పుడితే స్థానికంగా నమోదు చేయించాలి, కాని పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. చూశారా, కాగితం మీద ఏం రాయాలన్నదే కాదు, ఏం రాయకూడదన్నదీ ఒక బిడ్డ భవిష్యత్తే. కృష్ణుడు చెరసాలలో పుట్టినా మనం పండగ చేసుకుంటాం. మన పక్కింటి పిల్లకి ఆ మాట అంటగడితే పెళ్ళి సంబంధం రాదు.

ఇప్పుడు ఆగ్రా. 2021 జులైలో అక్కడి జైల్లో ఉన్న 13 మందికి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. నేరం జరిగేనాటికి మైనర్లు వాళ్ళు, ఏళ్ళ తరబడి లోపలే ఉన్నారు. ఉత్తర్వు వచ్చినా విడుదలకి రోజులు పట్టాయి, ఎందుకంటే కాగితం చేరలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన కృష్ణా జిల్లా ఆయన, జస్టిస్ ఎన్.వి. రమణగారు. ఈ కంప్యూటర్ల కాలంలో కూడా పావురాలు ఉత్తర్వులు మోసుకొస్తాయేమోనని ఆకాశంకేసి చూస్తున్నట్టుందని ఆయన నొచ్చుకున్నారు. 2022 మార్చి 31న కోర్టు ఉత్తర్వులు నేరుగా జైళ్ళకి చేర్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు మొదలైంది. దానికి "ఫాస్టర్" అని పేరు పెట్టారు. మొదటి సెంట్రల్ జైలు కట్టిన ఊళ్ళో 175 ఏళ్ళ తరవాత కూడా సమస్య గోడది కాదు, కాగితానిదే.

2023లో కేంద్ర హోంశాఖ 1894 చట్టం బదులు ఒక మాదిరి చట్టం తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ఇంకో అడుగు వేసింది. మరణశిక్షో యావజ్జీవమో పడగల కేసులు తప్పించి, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపినవాణ్ణీ, మొదటిసారి కేసైతే మూడోవంతు గడిపినవాణ్ణీ బాండు మీద వదలాలంది. ఒకటికన్నా ఎక్కువ కేసులున్నవాళ్ళకి ఇది వర్తించదు. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, ఆ గడువు నిండగానే కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సిన పని జైలు సూపరింటెండెంటుదే అన్నారు. ఖైదీకి లెక్క రాకపోవచ్చు, లాయరు లేకపోవచ్చు. లెక్కపెట్టడం ఇక జైలు ఆఫీసు బాధ్యత. ఇదివరకు మంచి గుమాస్తా దయగా చేసిన పని ఇప్పుడు చట్టం అయింది.

కంప్యూటరు వచ్చింది గదా, ఇంక మనుషులెందుకు అంటారా? కంప్యూటరు కూడిక తప్పు చెయ్యదు, నిజమే. కాని "ఈ రెండు తేదీల మధ్య ఈయన ఎక్కడున్నట్టండీ?" అని దానికదే తల గోక్కుని అడగదు. అడగాలని తోచాలంటే ఆ అంకె వెనక ఒక మనిషున్నాడనీ, అతని కోసం ఎవరో కొంగున చీటీ ముడేసుకుని ఉన్నారనీ తెలియాలి.

అందుకని చివరగా ఒక్క మాట. మీ అమ్మాయికి జైళ్ళ శాఖలో గుమాస్తా ఉద్యోగం వస్తే, "అయ్యో, జైల్లోనా!" అని మూతి ముడవకండి. పంపించండి. చిన్నప్పటినుంచీ ఇంట్లో పాలలెక్కా చాకలిపద్దూ చూసిన పిల్ల అయితే మరీ మంచిది. ఊచలు లెక్కపెట్టడానికి ఎవరూ అక్కర్లేదు, బిల్లు వసూలు చేసుకున్ననాడే కాంట్రాక్టరు వాటిని లెక్కపెట్టుకుని ఉంటాడు. రోజులు లెక్కపెట్టడానికే మనిషి కావాలి.